సూర్యమచ్చల లెక్క: వర్షాకాలానికి ముందు పని ఎంతవరకు వచ్చింది

మే నెలాఖరుకు సూర్యమచ్చల పరిశీలన ఒక గాడిన పడింది. 80 మి.మీ. దూరదర్శిని వెనుక అట్ట బిగించి, దాని మీది కాగితంపై 15 సెం.మీ. వ్యాసమున్న వృత్తంలో సూర్యబింబం సరిగ్గా ఇమిడేలా చేసి, మచ్చలను పెన్సిలుతో గుర్తిస్తున్నాను. ఐపీస్‌లోకి కన్ను పెట్టే ప్రసక్తే లేదు. గురి చూసే చిన్న దూరదర్శిని అయిన ఫైండర్‌ను పూర్తిగా తీసేశాను. అతికించిన కటకాలున్న ఐపీస్ వేడికి పాడవుతుంది కాబట్టి, పాతకాలపు హైగెన్స్ రకాన్నే వాడుతున్నాను. డాబా వేడెక్కక ముందు, ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర లోపు బింబం అంచు నిలకడగా ఉంటుంది. ఆ తరువాత అది మరిగే నీటిలా కదిలి, చిన్న మచ్చలు కనిపించకుండా పోతాయి. దూరదర్శినిని కదపకుండా వదిలితే మచ్చ జరిగే వైపే పడమర. సమయాన్ని మన గడియారం నుంచి ఐదున్నర గంటలు తీసివేసి, విశ్వ సమయంలోనే రాస్తున్నాను.

లెక్క విధానం 19వ శతాబ్దం మధ్యలో జ్యూరిచ్‌కు చెందిన రుడాల్ఫ్ వోల్ఫ్ పెట్టినదే. సమూహాల సంఖ్యను 10తో గుణించి, మచ్చల సంఖ్యను కలిపి, ఆ మొత్తాన్ని పరిశీలకుడి గుణకంతో (ఒక్కొక్కరి లెక్కను ఉమ్మడి కొలతకు తెచ్చే సంఖ్య) హెచ్చించాలి. నాలుగు సమూహాలు, 23 మచ్చలు ఉంటే గుణకానికి ముందు 63 వస్తుంది. కష్టమంతా సమూహాలను విడదీయడంలోనే ఉంది. ఈ మధ్య తూర్పు అంచున ఉపచ్ఛాయతో (నల్లని నడిమి భాగం చుట్టూ ఉండే లేత అంచు) ఒక పెద్ద మచ్చ, దాని వెనుక మూడు చుక్కలు, కొంత ఖాళీ తరువాత మరో జంట కనిపించాయి. అది ఒకటే సమూహమా, రెండా అన్న నిర్ణయంతోనే లెక్క పది మారుతుంది. ఉదయ్‌పూర్‌తో కలిపి ఆరు చోట్ల ఉన్న, సూర్యుడిని గమనించే గాంగ్ అనే అంతర్జాతీయ కేంద్రాల అయస్కాంత పటాలు ఇక్కడ సాయపడతాయి. అయితే బొమ్మ, లెక్క పూర్తయ్యాకే వాటిని చూస్తున్నాను, ఎందుకంటే ఈ సంఖ్యకు విలువ తెచ్చేది ఎప్పుడూ ఒకే తీరుగా చూసిన కన్ను.

1981 నుంచి బ్రస్సెల్స్‌లోని బెల్జియం రాయల్ అబ్జర్వేటరీ అనేక దేశాల పరిశీలకుల లెక్కలను సమన్వయపరుస్తోంది. వారిలో ఔత్సాహికులు చాలామంది. ఒక్కొక్కరి లెక్కను స్విట్జర్లాండ్‌లోని లొకార్నో కేంద్రంతో పోల్చి గుణకాన్ని నిర్ణయిస్తారు. అందువల్ల చిన్న దూరదర్శిని లోపం కాదు, తరచుగా పరికరం మార్చడమే లోపం. పెద్దది కొనే ఆలోచనను నేను ఇందుకే పక్కన పెట్టాను. ఇక్కడ ఆషాఢ మేఘాలు కమ్మితే ఐరోపా పరిశీలకులు చూస్తారు, అక్కడ శీతాకాలపు మబ్బులు పట్టినప్పుడు మనకు తెరిపి ఉంటుంది. ఈ ఏర్పాటులో నాకు అత్యంత ఇష్టమైన సంగతి ఇదే.

ఈ నెల నుంచి పుస్తకంలో సౌర పవనానికి, అంటే సూర్యుడి నుంచి వెలువడే విద్యుదావేశ కణాల ప్రవాహానికి కూడా ఒక గడి గీశాను. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన సూర్య పరిశీలక నౌక ఆదిత్య-ఎల్1 ఉన్నది భూమి నుంచి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో. సెకనుకు 450 కి.మీ. వేగంతో వచ్చే పవనానికి అక్కడి నుంచి భూమిని చేరడానికి సుమారు 55 నిమిషాలు, సూర్యుడి నుంచైతే దాదాపు నాలుగు రోజులు పడుతుంది. కాబట్టి నేటి బొమ్మను నాలుగు రోజుల తరువాతి గడితో సరిచూడాలి. ఆ మధ్య దూరంలో ఏం జరుగుతోందో సుదూర రేడియో మూలాల మినుకుమినుకును బట్టి ఊటీ రేడియో దూరదర్శిని 326.5 మెగాహెర్ట్జ్ వద్ద పట్టుకోగలదు. 2024 మేలో 13664 అనే సంఖ్య ఇచ్చిన మచ్చల సమూహపు విస్ఫోటనాల తరువాత లదాఖ్‌లోని హాన్లేలో సైతం ఎర్రని ధ్రువకాంతి కెమెరాకు చిక్కింది. అలాగని ప్రతి వేగవంతమైన పవనానికీ మచ్చల్లో కారణం వెతకకూడదు. కరోనా రంధ్రాల (సూర్యుడి బయటి వాతావరణంలో పవనం సులువుగా బయటపడే చోట్లు) నుంచి వచ్చేవి తెల్లకాంతి బొమ్మలో కనిపించవు, అవి సుమారు 27 రోజులకు మళ్లీ వస్తాయి.

తరువాతి పని మచ్చల అక్షాంశాలు కొలవడం. జూన్ 6 ప్రాంతంలో భూమి సూర్యుడి మధ్యరేఖా తలాన్ని దాటుతుంది కాబట్టి, అప్పటికి అక్షాంశరేఖలు తిన్నగా ఉన్న పారదర్శక ప్లాస్టిక్ పటం ఒక్కటి సరిపోతుంది. సెప్టెంబరు తొలివారానికి మన వైపు సూర్యుడి అక్షం వంపు దాదాపు 7.25 డిగ్రీలకు చేరుతుంది. అందుకు డిగ్రీకొకటి చొప్పున మిగిలిన పటాలను వానల్లో గీసుకుంటాను.