మొగి గింజ, చందనం కాయ

ఆదివారం. మృగశిర కార్తె వచ్చి వారం దాటింది. రాత్రి తిరుపతిలో గంటసేపు గట్టి వాన. తెల్లారి మిద్దె మీదికెక్కి చూస్తే శేషాచలం కడిగి ఆరబెట్టినట్టుంది. మనసంతా నేను మొగి గింజలు నాటిన ఆ నలభై సంచుల మీదే ఉంది. మొగి అంటే నేరేడు జాతి కొండచెట్టు. టీ కూడా తాగకుండా కొండ కింద నర్సరీకి వెళ్ళిపోయాను.

పదకొండు మొలిచాయి.

రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. మొగి మొలక ఇంత దగ్గరగా చూడటం నాకిదే మొదటిసారి. తడి మట్టిని చిన్న పెళ్ళగా పైకి లేపి, దాని కింద నుంచి అగ్గిపుల్లంత కాడ వంగి బయటికొస్తోంది. చివర రెండు లేతాకులు, ఇంకా పూర్తిగా విప్పుకోలేదు, రాగి రంగులో ఉన్నాయి. ఒకదాని మీద ఇసుక రేణువు అంటుకుని ఉంది. తీద్దామని వేలు పెట్టబోయి ఆగిపోయాను.

పోయిన ఏడు ఇదే పని చేసి ఒక్కటీ దక్కించుకోలేదు. పళ్ళు కొనుక్కుని తిని, గింజలు కడిగి, బీరగింజలకు చేసినట్టే పేపరు మీద వేసి ఎనిమిది రోజులు ఎండబెట్టాను. అరవై గింజలు నాటితే ఒక్కటీ మొలవలేదు. నెలన్నర నీళ్ళు పోశాక నర్సరీ తాత ఒక గింజను తవ్వి గోటితో చీల్చి చూపించాడు. లోపల నల్లగా ఉంది. "నేరేడు జాతిది మా ఇది. ఎండితే సచ్చిపోతాది. తిన్న రోజే మట్టిలో పెట్టల్ల" అన్నాడు. ఆ మాట ముందే అడిగుంటే అరవై గింజలు పోయేవి కాదు కదా అని చాలా రోజులు బాధపడ్డాను. ఈసారి మే చివర్లో అలిపిరి వైపు ఒక అవ్వ దగ్గర పళ్ళు కొని, గుజ్జు తీసి, ఆ సాయంత్రమే సంచుల్లో పెట్టేశాను.

అవ్వ బుట్ట తలచుకుంటే ఒక పక్క దిగులుగానూ ఉంటుంది. ప్రపంచంలో ఈ తూర్పు కనుమల దక్షిణపు కొండల్లో తప్ప సహజంగా దాదాపు ఎక్కడా లేని చెట్టు అది. పండినవన్నీ బుట్టల్లో పట్నానికి దిగిపోతే కొండ మీద మొలిచేది ఏది? అలాగని అవ్వ బతుకుతెరువును తప్పు పట్టలేను. నేను తిన్న పళ్ళ గింజలైనా తిరిగి మట్టికి చేరాలి, అంతే.

తాత అప్పటికే ఎర్రచందనం కాయలు ముందేసుకుని కూర్చున్నాడు. అటవీ శాఖ వాళ్ళు ఇచ్చిన కాయలు ఇవి. ఈ కొండల్లో 1989లో జాతీయ పార్కు అయిన 353 చదరపు కిలోమీటర్లలోంచి మనంతట మనం ఒక్క కాయ కూడా ఏరుకు రాకూడదు. కాయ గుండ్రంగా, పల్చగా ఉంటుంది, చుట్టూ కాగితం లాంటి రెక్క. మధ్యలో ఉబ్బు. ఆ ఉబ్బును వేళ్ళ మధ్య నొక్కి చూడాలి. మెత్తగా లోపలికి పోతే తాలు, గట్టిగా తగిలితే గింజ ఉన్నట్టు. తాలే ఎక్కువ. మంచివాటి రెక్కలు కత్తెరతో కత్తిరించి రాత్రి నీళ్ళలో వేయడం, పగలు తీసి ఆరబెట్టడం, మళ్ళీ రాత్రి నీళ్ళు. కొన్ని రోజులు ఇలా తడిపి ఆరబెడితేగాని ఆ మొండి పెంకు మెత్తబడదు.

ఒకే కొండ మీద పక్కపక్కనే పెరిగే రెండు చెట్లు. ఒకదాని గింజ ఎండితే చస్తుంది, ఇంకోదాన్ని పదే పదే ఎండబెడితేగాని లేవదు. ఈ సంగతి నాకు ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యమే.

మా కాలనీ వాళ్ళు చందనం మొక్క అడిగినప్పుడల్లా ముందు "ఎన్నేళ్ళకు అమ్ముకోవచ్చు" అంటారు. చేవ తేలడానికే పాతిక ముప్పై ఏళ్ళు పైన పడుతుందంటే, త్వరగా పెరిగేది ఏదైనా ఇమ్మంటారు. చాలా వీధుల్లో కోనోకార్పస్ చెట్ల వరసలు లేచింది ఈ తొందర వల్లే. నాకు నిజంగా కోపం వస్తుంది.

పది గంటలకు అటవీ సిబ్బందితో కలిసి కొంచెం పైకి, లాంటానా అనే కలుపు తుప్పలు తీసే చోటికి వెళ్ళాం. పైన నరికితే లాభం లేదు, నాలుగింతలు చిగురిస్తుంది. మట్టి కొంచెం తవ్వి, వేరు మొదలు దగ్గర కొట్టి, తుప్పను తలకిందులుగా పెట్టాలి. చేతుల నిండా గీతలు. ఎండాకాలం బోదగడ్డికి నిప్పంటుకుంటే ఈ ఎండుపుల్లల మీదుగానే మంట చెట్ల తలలకు ఎక్కుతుంది. అందుకని ఎంత తీసినా తక్కువే.

మూడో తుప్ప తీశాక దాని వెనకాల ఈతచెట్టులా ఉండే ఒక పేరీత మొక్క కనిపించింది. నా మోకాలి ఎత్తు మొద్దు, పాత మంటకు బొగ్గులా నల్లబడి ఉంది. దాని నెత్తిన మాత్రం ఈ వానకే లేచిన కొత్త ఆకుల గుత్తి! ఈనెకు రెండు వైపులా లేత రెబ్బలు ఇంకా జంతికల్లా చుట్టుకుని ఉన్నాయి, వాటి మీద బూడిదరంగు నూగు. ఎగుమతి, దిగుమతులపై అన్నిటికన్నా కట్టుదిట్టమైన అంతర్జాతీయ జాబితాలో ఉన్న మొక్క ఇది. ఇందులో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మందుకని మగ కంకుల్ని కోసుకుపోతారు. అప్పుడు ఆడ మొక్కకు పుప్పొడి ఎక్కడి నుంచి వస్తుంది?

"ఇది ఆడదా, మగదా అన్నా?" అని అడిగాను.

"కంకి వేస్తేనే తెలిసేది మేడమ్" అన్నాడు వాచర్ అన్న.

చుట్టూ ఉన్న లాంటానా మాత్రం తీసేసి, దాన్ని ముట్టుకోకుండా వదిలేశాం. అన్న తన నోట్‌బుక్కులో ఆ చోటు రాసుకున్నాడు.

మధ్యాహ్నం తాత పెట్టిన సంగటి, చెనక్కాయల ఊరిబిండి తిన్నాం. సాయంత్రం పదకొండు సంచులకూ చీటీలు కట్టి తేదీ రాశాను. మిగతా ఇరవై తొమ్మిదీ ఇంకా మట్టిలోనే ఉన్నాయి, వాటికి ఈ నెలాఖరు వరకు చూడమన్నాడు తాత. వచ్చే ముందు ఆరిన చందనం కాయలన్నీ మళ్ళీ బకెట్లో వేసి, తేలకుండా పైన తడి గోనెపట్టా కప్పి వచ్చాను. పొద్దున్నే తాత తీస్తాడు.