మేస్త్రీకీ సిద్ధాంతికీ మధ్య ఇంకొకరు

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న మా ఊరు పర్లాకిమిడిలో ఇల్లు కట్టుకోవాలనుకున్నవాళ్ళు ముగ్గురి దగ్గరికి వెళ్తారు. గుమ్మం ఎటు పెట్టాలో, శంకుస్థాపన ఎప్పుడో సిద్ధాంతి గారు చెప్తారు. ఎంతవుతుందో మేస్త్రీ చెప్తాడు. మున్సిపాలిటీకి ఇవ్వాల్సిన కాగితాన్ని ప్లాన్లు గీసే కుర్రాడు తయారుచేసి పెడతాడు. పని స్లాబు వేసేదాకా ఈ ముగ్గురితోనే సాగిపోతుంది. ఆర్కిటెక్ట్ అనే మనిషి మధ్యలో ఎక్కడా రాడు.

సెలవులకి వెళ్ళినప్పుడు "ఇంగ్లండులో ఏటి పని సేస్తన్నావమ్మా?" అని అడుగుతారు. ఆర్కిటెక్ట్‌నంటే "ఓహో, పెద్ద పెద్ద బిల్డింగులా" అని మాట మార్చేస్తారు. వాళ్ళని అనడానికేం లేదు. ఊరందరూ వచ్చినవాళ్ళకి చూపించే గజపతుల ప్యాలెస్ ఉంది కదా, దాన్ని మద్రాసు సెనేట్ హౌస్ గీసిన రాబర్ట్ చిజం డిజైన్ చేశాడని చెప్తారు. చిన్నప్పుడు ఆ ప్యాలెస్ పక్కనుంచే బడికి వెళ్ళేదాన్ని. దాన్ని ఒక మనిషి కూర్చుని, ఆలోచించి, గీశాడన్న సంగతి నేను బి.ఆర్క్‌లో చేరేదాకా నాతో ఎవరూ అనలేదు. మా వృత్తి మా ఊరివాళ్ళ గడప తొక్కలేదు. తొక్కాలనే ఇది రాస్తున్నాను.

నేను పనిచేసేది ఇంగ్లండు ఉత్తరాన, టైన్ నది ఒడ్డున ఉన్న న్యూకాసిల్‌లో, ఒక చిన్న ఆఫీసులో. ఇంటి వెనక ఒక గది పెంచుకోవాలంటే ఇక్కడివాళ్ళు కూడా ముందు బిల్డర్‌కే ఫోన్ చేస్తారు. కాకపోతే, జనానికీ తమకీ మధ్య దూరం ఉందనీ, దాన్ని తగ్గించే బాధ్యత తమదేననీ ఇక్కడి ఆర్కిటెక్టులు చాలామంది ఒప్పుకుంటారు. 1992లో లండన్‌లో ఓపెన్ హౌస్ మొదలైంది. ఏడాదికోసారి, సెప్టెంబరులో, మామూలుగా లోపలికి రానివ్వని భవనాలు కూడా తలుపులు తీస్తాయి, డబ్బు కట్టకుండా ఎవరైనా వెళ్ళి చూడొచ్చు. 2014లో ఆర్కిటెక్ట్ సర్ టెర్రీ ఫారెల్ ఆధ్వర్యంలో వచ్చిన నివేదిక ప్రతి ఊళ్ళోనూ ఒక 'అర్బన్ రూమ్' ఉండాలంది. అంటే తమ ఊరు ఎలా ఉండేది, ఎలా మారబోతోంది అన్నది జనం వచ్చి చూసి మాట్లాడుకునే గది. ఆయన పేరుమీదే న్యూకాసిల్‌లో 2023లో అలాంటి కేంద్రం ఒకటి తెరిచారు. బడి పిల్లలు వచ్చి అట్టముక్కలతో వీధులు కట్టి ఆడుకోవడం అక్కడ చూశాను.

అయినా నన్ను బాగా కదిలించింది అంతకన్నా పాత సంగతి. ఊరికి తూర్పున బైకర్ అనే పేట ఉంది. పాతబడిన కూలీల ఇళ్ళ వరసలు పడగొట్టి కొత్తవి కట్టాలని నగరపాలక సంస్థ తలపెట్టినప్పుడు, 1969లో ఆర్కిటెక్ట్ రాల్ఫ్ ఎర్‌స్కిన్ బృందం ఆ పేట మధ్యలోనే ఆఫీసు తెరిచింది. అది శవపేటికలు అమ్మి అంత్యక్రియలు జరిపించే ఒక పాత దుకాణం. ఆయన సహచరుడు వెర్నన్ గ్రేసీ అక్కడే కాపురం కూడా పెట్టాడు. తలుపు తీసే ఉండేది. కుళాయి కారుతోందని కొందరు, పిల్లలకి ఆడుకునే చోటు లేదని కొందరు వచ్చేవారు. ఆ మాటల్లోనే ఇళ్ళ గురించీ మాట్లాడుకునేవారు. ముందు కొద్ది ఇళ్ళు కట్టి, వాటిలో దిగినవాళ్ళు ఏం చెప్పారో విని, మిగతావి గీశారు. పాత పేటవాళ్ళలో చాలామందికి చివరికి అక్కడ ఇల్లు దక్కలేదన్నది కూడా నిజమే, అది దాచకూడదు. కానీ దక్కినవాళ్ళకి ఆర్కిటెక్ట్ అంటే ఎవరో ఎవరూ వివరించాల్సిన పనిలేదు, కుళాయి కారితే వెళ్ళి చెప్పుకున్న మనిషే. 2007లో ఆ పేటని జాతీయ వారసత్వ జాబితాలో రెండో గ్రేడు స్టార్ హోదాతో చేర్చారు.

జనాన్ని ఆర్కిటెక్ట్ దగ్గరికి పంపడానికి చట్టం ఉంది కదా, అది చూసుకుంటుంది అనేవాళ్ళుంటారు. నా అనుభవం చెప్తాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో నా పేరు పక్కన ఆర్కిటెక్ట్ అని రాసుకునే వీలు లేదు. ఇండియాలో కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టరైన దాన్నే, కానీ అది ఇక్కడ చెల్లదు. 1997 చట్టం ప్రకారం ఇక్కడి రిజిస్ట్రేషన్ బోర్డు జాబితాలో పేరు ఎక్కాలి. నాలా ఇండియాలో చదివినవాళ్ళు తాము చేసిన పనంతా పరీక్షకుల ముందు పెట్టి, ఈ గోడ ఇక్కడెందుకు, ఈ మెట్లు ఇటెందుకు అని అడిగితే ఒక్కొక్కదానికీ జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. ఆ తర్వాత ఇంకో పరీక్ష. అన్నాళ్ళూ నేను 'ఆర్కిటెక్చరల్ అసిస్టెంట్'ని. ఆఫీసులో నా పక్క బల్ల మీద, నాకన్నా చిన్నవాడు గీసిన డ్రాయింగు మీద ఆర్కిటెక్ట్ అని ఉండేది. రాత్రిళ్ళు చదువుకుంటూ, పొద్దున్నే పనికి వెళ్తూ ఆ టెన్షన్ అంతా పడ్డాను.

అంతా అయ్యాక అర్థమైంది. ఈ చట్టం కాపాడేది ఆ పేరుని మాత్రమే. పేరు పెట్టుకోకపోతే ఇల్లు ఎవరైనా గీయొచ్చు. మన 1972 ఆర్కిటెక్ట్స్ చట్టమూ అంతే. అందులోని 37వ సెక్షన్ పేరుకే రక్షణ ఇస్తుంది తప్ప ఆ పని ఇంకొకరు చేయకూడదని అనదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పేసింది. కాబట్టి రెండు దేశాల్లోనూ జనం ఆర్కిటెక్ట్ దగ్గరికి వస్తే వాళ్ళంతట వాళ్ళు రావాలి. ఆ మనిషి వల్ల తమకేం ఒరుగుతుందో కళ్ళతో చూస్తేనే వస్తారు.

చూపించడం ఎలాగో నాకు నేర్పింది ఇక్కడి చర్చి హాల్లో జరిగిన ఒక సాయంత్రం. వయసు పైబడినవాళ్ళ కోసం కొన్ని ఫ్లాట్లు కట్టే పని మా ఆఫీసుకి వచ్చింది. దరఖాస్తు పెట్టాక స్తంభానికి నోటీసు అంటించి, అభ్యంతరాలు చెప్పుకోవడానికి జనానికి 21 రోజులు ఇవ్వడం ఇక్కడ నియమం. మేము అంతకంటే చాలా ముందే చుట్టుపక్కలవాళ్ళని టీకి పిలిచాం. గోడల నిండా డ్రాయింగులు తగిలించాం. వచ్చినవాళ్ళు వాటిని ఒకసారి చూసి, బిస్కెట్లు తీసుకుని, కుర్చీల్లో కూర్చున్నారు. బల్ల మీద పైకప్పు ఊడదీయగలిగే అట్ట నమూనా ఒకటి ఉంది. ఒక ముసలావిడ వచ్చి కప్పు తీసి పక్కన పెట్టి, వంటింట్లో వేలు పెట్టి "ఇక్కడ నిలబడితే నాకు బస్టాపు కనిపిస్తుందా?" అని అడిగారు. ఒంటరిగా ఉండే మనిషికి వచ్చేపోయేవాళ్ళు కనిపించడం ఎంత ముఖ్యమో ఆ ఒక్క ప్రశ్నతో మా అందరికీ తెలిసింది. వంటిళ్ళని వీధివైపు తిప్పాం. డ్రాయింగు చదవడం నేర్చుకోవడానికి మాకు కాలేజీలో ఐదేళ్ళు పట్టింది. దాన్ని గోడకి తగిలించి అందరూ చదివేయాలనుకోవడం న్యాయం కాదు.

పర్లాకిమిడిలో మా వీధి పిన్ని వాళ్ళు పాత పెంకుటిల్లు తీసేసి స్లాబు ఇల్లు వేద్దామనుకున్నప్పుడు నాకు ఇదే గుర్తుకొచ్చింది. ఆ వీధిలో స్థలాలన్నీ వెడల్పు తక్కువ, పొడవెక్కువ. రెండు పక్కలా గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. పాత ఇళ్ళలో మధ్యన ఆకాశం కనిపించే చోటు కొంచెం ఉండేది, వెలుగూ గాలీ అక్కణ్ణించే వచ్చేవి. పిన్ని చేతిలో ఉన్న ప్లాన్‌లో అది లేదు. నడిమి రెండు గదులకీ కిటికీ లేదు. పగలు కూడా లైటు వేసుకోవాల్సిందే.

నేను కాగితం మీద ఏమీ చెప్పలేదు. పునాది తవ్వే ముందు ముగ్గు పోయడం మన దగ్గర అందరికీ తెలిసిందే. ప్లాన్ ఖాయం కాకముందే, పక్కనున్న ఖాళీ స్థలంలో పోద్దామని మేస్త్రీ బాబాయ్‌ని అడిగాను. ఆయన తాడు పట్టి, సున్నంతో గోడలన్నీ అసలు కొలతకి గీసేశాడు. నులకమంచం తెచ్చి పడగ్గదిలో వేశాం. బీరువా ఉండాల్సిన చోట ఇటుకలు పేర్చాం. పిన్ని వీధి గుమ్మంలోంచి 'లోపలికి' వచ్చి, గదిగదికీ నడిచి, బీరువా దగ్గర ఆగింది. "తలుపు తీస్తే మంచానికి తగుల్తాది కదే" అంది. తర్వాత నడిమి గదిలో నిలబడి అటూ ఇటూ చూసి "మరి ఇక్కడికి ఎలుతురెలా వస్తాది?" అని తనే అడిగింది. అప్పుడు చెప్పాను, నడి మధ్యన నాలుగడుగుల వెడల్పున పైకి తెరిచి వదిలితే రెండు గదులకీ కిటికీలు పెట్టొచ్చని, వేడిగాలి అట్నుంచే పైకి పోతుందని. సిద్ధాంతి గారిని కూడా పిలిచాం. బ్రహ్మస్థానం, అంటే ఇంటి నడిమధ్య చోటు, బరువు లేకుండా ఉంటే మంచిదేనని ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. శాస్త్రం నమ్మేవాళ్ళతో తగువు పెట్టుకుని మా వృత్తి సాధించేది ఏమీ లేదు. ఆయన చెప్పిన దిక్కుల్లోనే గాలీ వెలుగూ సర్దడానికి చాలా చోటుంది.

ముగ్గు పోస్తుంటే వీధి వీధంతా చేరింది. ఎక్కువమంది అడిగింది రేకుల గురించి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీదికి వచ్చింది. గాలి, ఆ వెంటనే వరద, కొండచరియలు. ఆ భయం ఇంకా ఎవరికీ పోలేదు. నాకు తెలిసింది చెప్పాను. రేకు ఎగిరిపోయేది గాలి పైనుంచి నొక్కడం వల్ల కాదు, పైనుంచి పీలుస్తూ, కింద దూరి పైకి లేపడంవల్ల. అందుకని అంచుల్లోనూ కొప్పు దగ్గరా హుక్కులు దగ్గరదగ్గరగా, వాషర్లతో బిగించాలి. వాసాన్ని దూలానికి, దూలాన్ని గోడలోని లింటల్ బెల్టుకి, అంటే తలుపులూ కిటికీల పైన గోడ చుట్టూ వేసే కాంక్రీటు పట్టీకి, కమ్మీతో కట్టాలి. వరండా కప్పు ఇంటి కప్పుతో కలపకుండా వేరుగా వేస్తే, గాలికి వరండా పోయినా ఇల్లు నిలుస్తుంది. కప్పు నాలుగు వైపులకీ వాలితే రెండు వైపుల వాలుకన్నా మేలు. ఒక తాత "మరి మా చుట్టిల్లు అందుకే గదా నిలబడేది" అన్నాడు. అక్షరాలా నిజం. గుండ్రటి గోడ, మొనదేరిన కప్పు, నేలకి దగ్గరగా చూరు, గాలికి పట్టు దొరకదు. శ్రీకాకుళం తీరంలోనూ, కోరాపుట్ గదబ గిరిజనుల ఊళ్ళలోనూ పెద్దలు కట్టుకున్నది అదే. ఆర్కిటెక్ట్ వచ్చి కొత్తగా నేర్పేదే కాదు, ఉన్న తెలివిని గుర్తుపట్టి రేపటి ఇంట్లో ఎక్కడ వాడాలో చెప్పేది కూడా ఉంటుంది.

అసలు ఆర్కిటెక్ట్ ఎక్కువ అవసరమయ్యేది బంగళాకి కాదని నా నమ్మకం. ప్రధానమంత్రి ఆవాస్ గ్రామీణ్ కింద ఇల్లంటే వంటచోటుతో కలిపి కనీసం 25 చదరపు మీటర్లు. సాయం మైదానాల్లో 1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో 1.30 లక్షలు. అంత చిన్న ఇంట్లో తలుపు ఒక అడుగు పక్కకి జరిగితే మంచం పట్టడమో పట్టకపోవడమో తేలిపోతుంది. అక్కడే మా చదువు పనికిరావాలి. అక్కడే మేము లేము.

ప్రపంచ ఆర్కిటెక్చర్ దినం అక్టోబరు మొదటి సోమవారం. ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ మూడూ వచ్చింది అక్టోబరులోనే. మా వైపు ఆ నెలలో సభ పెడితే ఆలస్యమైనట్టే. ఇళ్ళ పని నడిచేది, రేకులు మార్చేది వేసవిలో. కాబట్టి కూర్చోవాల్సింది ఏప్రిల్, మే నెలల్లో. బరంపురం, శ్రీకాకుళం, విశాఖల్లో ఉన్న తోటి ఆర్కిటెక్టులని నేను అడుగుతున్నది ఇదే: సభలూ దండలూ వద్దు, నెలకోసారి పర్లాకిమిడిలో ఒక అరుగు మీద కూర్చోండి. ఒక పూట, ఉచితంగా. నది దాటితే పాతపట్నం, అక్కణ్ణుంచీ జనం వస్తారు. తెలుగు, ఒడియా రెండూ కావాలి, కొండమీంచి దిగివచ్చేవాళ్ళ కోసం సవర వచ్చినవాళ్ళు ఒకరుండాలి. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళో పంతులుగా ఉంటూనే సవర భాష నేర్చుకుని వాళ్ళ పిల్లలకి పుస్తకాలు తయారుచేశారు. మనం వాళ్ళ ఇళ్ళ గురించి నాలుగు మాటలు మాట్లాడలేమా? వచ్చినవాళ్ళకి కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు చూపించండి, ఎదుటివాడు నిజంగా ఆర్కిటెక్టేనా అని వెబ్‌సైట్లో ఎలా చూసుకోవాలో కూడా చెప్పండి.

మేస్త్రీలు లేకుండా మాత్రం ఇది నడవదు. మనం చెప్పింది రేపు గోడలో పెట్టేది వాళ్ళ చెయ్యే. పదిమందిలో మేస్త్రీని తక్కువచేసి మాట్లాడిన ఆర్కిటెక్ట్‌ని ఆ ఊరు మళ్ళీ పిలవదు, పిలవకూడదు కూడా. మా బాబాయ్‌తో ఈ సంగతంతా చెప్పి, ఆదివారాలు పెడదామనుకుంటున్నామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఆదివారం మాకు పనుంటాదమ్మా. అమావాస్య నాడు పెట్టు. ఆ రోజు ఎవులమూ తాపీ ముట్టుకోం, అందరం వస్తాం" అన్నాడు. అందుకని వచ్చే వేసవికి తేదీలు పంచాంగం చూసి అమావాస్యలకే పెట్టాం.