గరివిడి నల్లరాయి, లాల్‌బాగ్ ఆకు

విజయనగరం జిల్లాలోని మా గరివిడి వైపు మాంగనీసు రాయిని చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. ముట్టుకుంటే వేళ్లకి నలుపు అంటుతుంది. 1890ల నుంచీ ఇక్కడ తవ్వుతున్నారు. మా కోడూరు గనుల పేరుతోనే ఒక శిలకి ‘కోడురైట్’ అని పేరు పెట్టారు. మేనకోడలిని చూద్దామని బెంగళూరు బండెక్కితే, దారి పొడవునా ఆ రాయి ధ్యాసే.

పెద్ద స్టేషన్లలో బండి పట్టాలు మారేటప్పుడు టకటకమని చప్పుడు వస్తుంది కదా, చాలాచోట్ల ఆ క్రాసింగులు మాంగనీసు ఉక్కువే. ఇనుములో సుమారు 12 శాతం మాంగనీసు కలిపి ఆ ఉక్కుని 1882లో తయారుచేసినవాడు రాబర్ట్ హాడ్‌ఫీల్డ్. చక్రాలు కొట్టేకొద్దీ దాని పైపొర ఇంకా గట్టిపడుతుంది. విడిగా చూస్తే మాంగనీసు పెళుసు లోహం. అయినా మామూలు ఉక్కుకి కూడా అది కొంచెం కావాలి. లేకపోతే గంధకం వల్ల, ఎర్రగా కాల్చి సాగగొట్టేటప్పుడు పగుళ్లిస్తుంది.

బెంగళూరులో ముందు లాల్‌బాగ్‌కే వెళ్లాం. కెంపేగౌడ గోపురం ఉన్న బండ వయసు 300 కోట్ల ఏళ్లట. నేను దాని మీదే కూర్చుండిపోయాను. మా మేనకోడలు చదివేది బోటనీ. కింద చెట్టు నుంచి ఒక ఆకు తెచ్చి, “మావయ్యా, మీ ఊరి సరుకు ఇందులోనూ ఉంది” అంది.

ఆకులో నీటిని విడగొట్టేచోట నాలుగు మాంగనీసు పరమాణువులు, ఒక కాల్షియం పరమాణువు ఆక్సిజన్‌తో ముడిపడి ఉంటాయి. ఎండ తగిలినప్పుడు రెండు నీటి అణువుల నుంచి ఒక ఆక్సిజన్ అణువు బయటికొచ్చేది అక్కడే. ఆ అమరికని 2011లో జపాన్ శాస్త్రవేత్తలు స్పష్టంగా చూపించారు. చెట్లే కాదు, సముద్రంలోని నాచు కూడా ఇలాగే చేస్తుంది. మనం పీల్చే గాలి వెనక మాంగనీసు ఉందని మా ఊరి బడిలో ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మాట అది.

మన ఒంట్లో మాంగనీసు ఉండేది 10 నుంచి 20 మిల్లీగ్రాములే. ఎముకలకి, కణాల్లో పుట్టే హానికర ఆక్సిజన్‌ని అదుపు చేసే ఎంజైముకి, కాలేయంలో యూరియా తయారీకి అది అవసరం. రోజుకి రెండు మిల్లీగ్రాములు సరిపోతుంది. గింజలు, పప్పులు, ఆకుకూరలు, టీ తీసుకునేవాళ్లకి లోటు రావడం అరుదు.

మర్నాడు పీణ్యా పారిశ్రామికవాడలో అనంతపురం బంధువు ఫ్యాబ్రికేషన్ షెడ్డుకి వెళ్లాం. అక్కడ నా సంతోషం కాస్త తగ్గింది. వెల్డింగ్ రాడ్లలోనూ మాంగనీసు ఉంటుంది. తిండిలో ఎక్కువైతే కాలేయం పైత్యరసం ద్వారా బయటికి పంపేస్తుంది. పొగగా, దుమ్ముగా ఏళ్ల తరబడి పీలిస్తే మాత్రం మెదడుకి చేరి నడక తడబడుతుంది, ముఖం బిగుసుకుపోతుంది. 1837లోనే స్కాట్లాండ్‌లో ఖనిజం పొడిచేసే కూలీల్లో జాన్ కూపర్ అనే వైద్యుడు దీన్ని గమనించాడు. మా గనుల్లో పనిచేసినవాళ్ల ముఖాలు కళ్ల ముందు మెదిలాయి.

షెడ్డులో పైన తిరిగే ఫ్యాన్ పొగని అక్కడక్కడే తిప్పుతోంది. “బావా, ముందు గోడకి ఎగ్జాస్ట్ పెట్టించు, కుర్రాళ్లకి మంచి మాస్కులు కొను” అన్నాను. ఖర్చు గురించి కాసేపు గొణిగాడు. మా మేనకోడలు ఊరుకోలేదు. సాయంత్రానికి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి గోడ కొలతలు తీయించింది.