కాజీరంగాలో లెక్కలోకి వచ్చినవి, రానివి

ఎక్కడికి వెళ్లినా కనిపించిన జంతువుల్నీ పక్షుల్నీ రాసుకోవడం నాకు పాత అలవాటు. జేబులో పట్టే నోట్‌బుక్, ఒక పెన్సిల్. మంచుకి తడిస్తే ఇంకు అలుక్కుపోతుంది, పెన్సిల్ రాత పోదు. పేరు, ఎన్ని, ఎక్కడ, ఎన్ని గంటలకు... ఇంతే రాస్తాను. ఫిబ్రవరిలో అక్కతో కలిసి అస్సాంలోని కాజీరంగా నేషనల్ పార్కుకి వెళ్లినప్పుడు మాత్రం ఒక్కో గీత గీసే ముందు ఆగి ఆలోచించాల్సి వచ్చింది. అందుకే ఈ ప్రయాణం గురించి రాయాలనిపించింది.

నా నియమాలు ముందే చెప్పేస్తాను. జంతువు బతికి ఉండాలి, తన ఇష్టం మీద తిరుగుతూ ఉండాలి. సఫారీకి తిప్పే ఏనుగు లెక్కలోకి రాదు. గైడ్ పేరు చెప్పినంత మాత్రాన రాయను, ఏ గుర్తు బట్టి ఆ పేరు చెప్పాడో అది నాకూ కనపడాలి. గొంతు మాత్రమే వినిపిస్తే పేరు పక్కన ‘వి’ అని పెడతాను. అడుగుజాడలు, పేడ, చెట్ల మీద గీతలు ఇవన్నీ వెనక పేజీలో ‘ఆనవాళ్లు’ కింద విడిగా ఉంటాయి.

పార్కు కొహోరా గేటు నుంచి తెల్లవారగానే జీపు బయల్దేరింది. చలికాలంలో అటవీ సిబ్బంది అక్కడి ఏనుగుగడ్డిని విడతలుగా తగలబెడతారు. మనిషిని దాటి పెరిగే ఆ గడ్డి కాలిపోయాక లేత చిగుళ్లు వస్తాయి, వాటి కోసం జంతువులు బయటికి వస్తాయి. అందువల్ల మొదటి మలుపులోనే ఖడ్గమృగం కనిపించింది. అంత దగ్గరగా చూస్తే మెడ కింద, భుజం దగ్గర చర్మం మడతలు మడతలుగా దిగుతుంది. పిరుదుల మీద గుండ్రని బొడిపెలు. నమిలే చప్పుడు జీపులోకి వినిపిస్తోంది. చెవులు మాత్రం ఒక్క క్షణం ఆగవు, ఒకటి మన వైపు తిరిగితే ఇంకోటి వెనక్కి తిరుగుతుంది.

అసలు చిక్కు తర్వాత మొదలైంది. దారి ఒక బీల్ చుట్టూ వంపు తిరుగుతుంది. బీల్ అంటే అక్కడి మాటలో నది పాయ వదిలేసిన మడుగు. అటు వైపు నుంచి చూస్తే మళ్లీ ఒక ఖడ్గమృగం. నేను పెన్సిల్ తీస్తుంటే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. “ఆగరా, ఎడమ చెవి చూడు. చివర చిరిగి ఉంది. ఇందాక చూసిందే ఇది.” బైనాక్యులర్స్‌లో చూశాను, నిజమే. పోట్లాటల్లో చెవులు చిరుగుతాయి. కొమ్ము ఆకారం, చెవి గాట్లు, చర్మం మడతలు చూసే పరిశోధకులు ఒక్కోదాన్ని గుర్తుపడతారు. అప్పట్నుంచి ప్రతి ఖడ్గమృగం పక్కన చిన్న బొమ్మ గీశాను: రెండు చెవులు, ఒక కొమ్ము. పని రెట్టింపయింది కానీ, ఆ బొమ్మల వల్లే ఒక్కో జంతువునీ నిదానంగా చూశాను.

ప్రభుత్వ లెక్కకూ ఇదే సమస్య. 2022 మార్చిలో కాజీరంగాలో లెక్కపెట్టినప్పుడు 2,613 ఖడ్గమృగాలు తేలాయి. పార్కుని భాగాలుగా విడగొట్టి, బృందాలు ఏనుగుల మీద వెళ్లి లెక్కపెడతాయి. ఒక భాగంలో లెక్కకొచ్చింది పక్క భాగంలోకి నడిచి వెళ్లి మళ్లీ లెక్కలో పడకూడదు కదా. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వేట వల్ల ఈ జంతువు పూర్తిగా పోతుందేమో అన్న స్థితి. 1908లో కాజీరంగా రిజర్వ్ ఫారెస్ట్ అయింది, 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వెళ్లింది. ఈ అంకెలు నేను ముందే చదివినవే. గడ్డిలో నిలబడి రెండింటిని వేరు చేయడం ఎంత కష్టమో చూశాక ఆ 2,613 వెనక ఉన్న చాకిరీ తెలిసింది.

పార్కులో బాగోరి అనే భాగం వైపు అడవి గేదెలు. ప్రపంచంలో మిగిలిన అడవి గేదెల్లో ఎక్కువ భాగం అస్సాంలోనే ఉన్నాయి. కొమ్ములు బారెడు వెడల్పున విచ్చుకుని ఉంటాయి, మోకాళ్ల కింద కాళ్లు మాసిన తెలుపు. లోపల బురదలో పడుకున్న మంద గురించి అనుమానమే లేదు. కానీ పార్కు అంచున ఒంటరిగా మేస్తున్న ఒకదాని దగ్గర పెన్సిల్ కదల్లేదు. ఊళ్ల పశువులు అక్కడిదాకా మేతకి వస్తాయి, అడవి గేదెలతో కలుస్తాయి కూడా. అడవి గేదెల జాతికి వేటకన్నా పెద్ద బెడద ఆ కలయికేనని నాకనిపిస్తుంది, ఎందుకంటే అది కంటికి కనిపించదు. అక్క రాసెయ్యమంది. నేను ప్రశ్న గుర్తు పెట్టాను, అది ఇప్పటికీ అలాగే ఉంది.

అగరతలి అనే ఇంకో భాగం వైపు పక్షులు ఎక్కువ. హిమాలయాలు దాటి వచ్చే బార్‌హెడెడ్ గూస్‌లు (తల మీద నల్ల పట్టీలున్న పెద్ద బాతులు) ఇసుక ఒడ్డున గుంపుగా నిలబడ్డాయి. అడ్జుటెంట్ కొంగలు రెండు రకాలూ కనిపించాయి. పెద్దదానికి మెడ కింద సంచీ వేలాడుతుంది, రెక్క మీద బూడిద రంగు పట్టీ ఉంటుంది. చిన్నదానికి ఆ సంచీ లేదు, వీపంతా నలుపు. కాకులు, గోరింకలు కూడా రాస్తున్నానని మా జీపులోని ఇంకొకాయన ఆశ్చర్యపోయారు. నా దృష్టిలో అవే ముఖ్యం. అరుదైనవి ఎలాగూ అందరూ చెప్పుకుంటారు. రాబందులు ఒకప్పుడు కాకుల్లా ఎక్కడ చూసినా ఉండేవి. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, చచ్చిన ఆ పశువుల్ని తిన్న రాబందుల ఒంట్లోకి చేరి వాటి సంఖ్య కుప్పకూలిపోయాకే, 2006లో పశువైద్యంలో ఆ మందుని నిషేధించారు. మామూలు పక్షిని మామూలుగా ఉన్నప్పుడే రాసిపెట్టకపోతే తగ్గిందో లేదో దేనితో పోల్చి చెప్తాం?

పులి మాత్రం ఆనవాళ్ల పేజీలోనే ఉండిపోయింది. తడి మట్టిలో తాజా అడుగులు, గడ్డిలోంచి హాగ్ డీర్ అనే చిన్న జింక హెచ్చరిక కేక. జీపంతా టెన్షన్‌తో కూర్చుంది. బయటికి రాలేదు.

తిరిగి వస్తుంటే హైవే పక్కన కరెంటు తీగ మీద పాలపిట్ట. అక్క తలెత్తి చూసి “మన పాలపిట్టే” అంది. జీపు ఆపించి చూశాం. రొమ్ము మీద మనకి తెలిసిన తెల్లటి సన్న చారలు లేవు, ముదురు ఊదా ఛాయ. ఇది మన పాలపిట్టకి దగ్గరి చుట్టం, ఇండోచైనీస్ రోలర్. ఒకప్పుడు రెండిటినీ ఒకే జాతి అనేవారు, ఇప్పుడు చాలా జాబితాల్లో వేరు. కాబట్టి కొత్త గీత. దీనికి ఎదురుది కూడా ఉంది. మన దేశంలో తూర్పు హూలాక్, పడమటి హూలాక్ అని రెండు గిబ్బన్ (చెట్ల మీదే బతికే తోకలేని వానరం) జాతులున్నాయని అనుకునేవారు. 2021లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తల జన్యు అధ్యయనం, ఇక్కడున్నది పడమటి హూలాక్ ఒక్కటేనని చెప్పింది. రెండూ రాసుకున్నవాళ్ల జాబితాలో ఒకటి తగ్గినట్టే. నాకిది బాగా నచ్చుతుంది. చోటూ గుర్తులూ సరిగ్గా రాసుంటే, పేరు మారినా ఆ నమోదు చెడిపోదు.

ఆ గిబ్బన్ల కోసమే చివర్లో జోర్హాట్ దగ్గర హొల్లొంగాపార్ అడవికి వెళ్లాం. ముందు గొంతులు. మగ, ఆడ కలిసి పాడుతుంటే దూరం అంచనాకి అందదు. ‘హూలాక్, వి’ అని రాశాను. కాసేపటికి కొమ్మలు ఊగాయి, ‘వి’ కొట్టేశాను. మగది నలుపు, తెల్లటి కనుబొమ్మలు. ఆడది రాగి రంగు, పొట్టకి కరుచుకుని పాలిపోయిన తెలుపు పిల్ల. పిల్ల పెరిగేకొద్దీ నల్లబడుతుంది, ఆడదైతే యుక్తవయసులో రాగి రంగుకి మారుతుంది. అందుకే రంగు కూడా రాయాలి. వేళ్లు కొమ్మకి కొక్కెంలా తగులుకుంటే చాలు, ఒళ్లంతా గాల్లో ఇంకో చెట్టుకి వెళ్లిపోతోంది.

ఈ అడవి సుమారు 21 చదరపు కిలోమీటర్లు, మధ్యలోంచి రైలు పట్టా పోతుంది. గిబ్బన్లు దాదాపు నేల మీదికి దిగవు. పట్టా మీద కొమ్మలు కలవని చోట అటువి అటే, ఇటువి ఇటే. మగ 1, ఆడ 1, పిల్ల 1 అని రాసి, పట్టాకి పెద్ద ముక్క వైపు అని కూడా రాశాను. చిన్న ముక్కలో ఎన్ని ఉన్నాయో గైడ్‌ని అడుగుతుంటే ఫారెస్ట్ గార్డు వచ్చి టైమ్ అయిపోయిందన్నాడు.