పాత సింకు కొని గోడకెక్కించేదాకా: నా అనుభవం

పాతకాలపు ఇంటిని ఆ కాలానికి తగ్గట్టే బాగుచేయించాలనుకున్నాక తలుపులు, కిటికీలు, గచ్చు ఎలాగో కుదిరాయి. పని ఆగింది సింకుల దగ్గరే. స్టీలుది పెట్టేస్తే ఒక్క పూటలో అయిపోతుంది గానీ ఆ వంటగదికి అది అతకదు. చివరికి కూల్చిన ఇళ్ల సామాను అమ్మేచోట పోత ఇనుము మీద తెల్ల ఎనామెల్ వేసిన సింకు దొరికింది. వెనక గోడకి ఆనే పలక, పక్కన గిన్నెలు బోర్లించుకునే గాడులున్న పలక, అన్నీ కలిపి ఒకే పోత.

ఇలాంటివి కొనేముందు తిరగేయించి అడుగు చూడాలి. చాలావాటికి కంపెనీ గుర్తు, పోత పోసిన తేదీ అక్కడే ఉంటాయి. నేను కొన్నదానికి గుర్తు మిగిలింది, తేదీని తుప్పు తినేసింది. తర్వాత వేళ్లతో కొట్టి చూడాలి. రేకు సింకు డబ్బాలా మోగుతుంది, పోత ఇనుము మొద్దుగా పలుకుతుంది. బాత్రూమ్‌కి చూసిన పింగాణీ బేసిన్‌ది ఇంకో లెక్క, అది ఖంగుమనాలి. ముందు మనసుపడ్డ బేసిన్ డొల్లగా పలికింది. పైకి గీత కూడా లేదు. టార్చ్ వేసి చూస్తే కుళాయి రంధ్రం లోపలి అంచున వెంట్రుకంత పగులు. వదిలేసి ఇంకోటి తీసుకున్నాను.

సింకు కుళాయి కింద తుప్పు చార ఉంది. ఆగ్జాలిక్ ఆమ్లం ఉన్న క్లీనింగ్ పౌడర్‌ని తడిపి రాసి, కాసేపటికే మెత్తటి గుడ్డతో తుడిచేస్తే చార పోయింది. ఎక్కువసేపు ఉంచకూడదు. పాత ఎనామెల్ చాలావరకు ఆమ్లానికి ఆగదు, నిమ్మరసం రాత్రంతా నిలిచినా మెరుపు చచ్చిపోతుంది. పైగా పాత ఎనామెల్‌లో సీసం ఉండే అవకాశం ఉంది, అందుకే సాండ్ పేపర్ జోలికి పోలేదు.

రీగ్లేజింగ్ చేయిస్తే కొత్తదైపోతుందని ఎంతోమంది చెప్పారు. నాకు మనసొప్పలేదు. అసలు ఎనామెల్ అంటే కాల్చిన ఇనుము మీద కరిగించి పట్టించే గాజు పొడి. 1883లో అమెరికాలో జాన్ మైకేల్ కోలర్ పశువుల దగ్గర వాడే ఇనుప తొట్టిని కాల్చి, దానికి ఎనామెల్ పట్టించి స్నానాల తొట్టిగా అమ్మాడు. ఆ పని కొలిమిలోనే జరగాలి. రీగ్లేజింగ్ పేరుతో ఇంటికొచ్చి కొట్టేది ఒకరకం పెయింటు. కొన్నేళ్లు బాగానే ఉంటుంది, వంటింటి వాడకానికి తర్వాత పెచ్చులు లేస్తుంది. మెరుపు తగ్గిన పాత తెలుపే నాకు నయమనిపించింది.

అసలు టెన్షన్ అంతా రంధ్రాలతోనే. వెనక పలకలో కుళాయి రంధ్రాల మధ్య దూరం 8 అంగుళాలు. గోడ మిక్సర్లు, అంటే వేడినీళ్లు, చన్నీళ్లు కలిపి ఇచ్చే కుళాయిలు, చాలా దేశాల్లో 150 మిల్లీమీటర్లకి, అంటే దాదాపు 6 అంగుళాలకి వస్తాయి. 8 అంగుళాలది అమెరికా కొలత. ఎనామెల్‌కి డ్రిల్లు పెడితే పెచ్చులూడతాయి కాబట్టి సింకుని బట్టే కుళాయి వెతకాలి. నీళ్లుపోయే రంధ్రం కూడా ఇప్పటి 3½ అంగుళాల సింకుల కంటే చిన్నది. ఇనుము మందంగా ఉండటంతో ఆ రంధ్రంలో బిగించే వేస్ట్ కప్లింగ్ గొట్టం మర కింద నట్టు దాకా రాలేదు, మర పొడుగున్నది తెప్పించాం.

పైపులు ముందే వేయించేద్దామంటే ప్లంబర్ ఒప్పుకోలేదు. “ముందు సింకు తెచ్చి ఇక్కడ పెట్టించండి సార్. కాగితం మీద కొలతలు చూసి నేను గోడ కొట్టను” అన్నారు. ఆయన మాటే నిజం. పలకతో కలిపి ఆ సింకుని ఇద్దరు లేపలేరు. అంత బరువూ గోడ మీదే కాబట్టి, ఇనుప బ్రాకెట్టు బిగించి, సింకుని ఒకసారి తగిలించి, మట్టం చూసి, దించి, ఆ తర్వాతే టైల్స్ వేయించాం.

బేసిన్ పని ఇంత లేదు. పైన ఓవర్‌ఫ్లో, అంటే నిండితే నీళ్లు పొర్లకుండా పోయే రంధ్రం, ఉన్న బేసిన్‌కి మాత్రం పక్కన రంధ్రాలున్న వేస్ట్ కప్లింగే వేయాలి. లేకపోతే ఓవర్‌ఫ్లోలోకి వెళ్లిన నీళ్లు బయటికి పోవు. దానికి వేడినీళ్లకొకటి, చన్నీళ్లకొకటి కుళాయిలు అలాగే ఉంచాను. గోరువెచ్చటి నీళ్లు కావాలంటే బిరడా పెట్టి కలుపుకోవాల్సిందే. ఇంట్లోవాళ్లు సణుగుతున్నారు గానీ, వంటింట్లో మిక్సర్ పెట్టించాను కదా!