‘పరా’ అర్థాల వెంట నా సిద్ధాంత వ్యాసం

ఎం.ఎ. సిద్ధాంత వ్యాసానికి ప్రాచీన గ్రీకు ప్రిపొజిషన్ ‘పరా’ను ఎంచుకున్నానని చెబితే, రెండక్షరాల మాట మీద ఏం రాస్తావని మిత్రులు నవ్వారు. లిడెల్, స్కాట్‌ల గ్రీకు-ఇంగ్లీషు నిఘంటువు తెరిచి చూపించాను. 1843లో మొదలై 1940కి తొమ్మిదో కూర్పు పూర్తి చేసుకున్న ఆ ఉద్గ్రంథంలో ‘పరా’ కింద పక్కన, పక్కకు, పక్కనుంచి, వెంబడి, మించి, విరుద్ధంగా అంటూ అర్థాలు బారులు తీరి ఉంటాయి. అది ప్రయోగాలను చక్కగా విడదీస్తుంది. కానీ ‘పక్కన’ అనే మాట ‘విరుద్ధంగా’ ఎలా అయిందో చెప్పే పని పెట్టుకోదు. నాకు కావలసింది అదే.

భాషను మనసు ఆలోచించే తీరుతో కలిపి చూసే కాగ్నిటివ్ లింగ్విస్టిక్స్ వైపు వెళ్లింది అందుకే. 1987లో భాషావేత్తలు లేకాఫ్, లాంగాకర్ రాసిన పుస్తకాలతో బలపడిన ఈ దృష్టిలో, ఒక మాటకున్న అర్థాలు విడివిడిగా పడి ఉండవు. స్థలానికి సంబంధించిన ఒక మూల చిత్రం నుంచి కొమ్మలుగా సాగుతాయి. గ్రీకు ప్రిపొజిషన్లను, విభక్తులను ఈ పద్ధతిలో పరిశీలించిన సిల్వియా లురాఘీ 2003 నాటి పుస్తకం నాకు దారి చూపింది.

ముందుగా హోమర్ యుద్ధకావ్యం ఇలియడ్ మొదటి సర్గ, 611 పంక్తులు, కాగితం, పెన్సిలు. అదృష్టం ఏమిటంటే మూడు విభక్తులూ అక్కడే దొరికాయి. 329వ పంక్తిలో గ్రీకు వీరుడు అకిలీస్ తన గుడిసె పక్కన, నల్లని ఓడ పక్కన కూర్చుని ఉంటాడు: చతుర్థి. 190లో తొడ పక్కనుంచి కత్తి దూయాలా అని ఆలోచిస్తాడు: షష్ఠి. 347లో అకిలీస్ దగ్గరున్న బందీ బ్రిసేయిస్‌ను తీసుకుని దూతలు ఓడల దగ్గరికి వెళతారు: ద్వితీయ. తెలుగువాడికి ఇందులో వింత లేదు. దగ్గర, దగ్గరనుంచి, దగ్గరికి అని మనం స్థలం చెప్పే మాటకే ప్రత్యయం చేరుస్తాం; గ్రీకులు ‘పరా’ను కదపకుండా పక్కనున్న నామవాచకం విభక్తిని మారుస్తారు. తరవాతి కాలపు ఆటిక్ (ఏథెన్స్ ప్రాంతపు గ్రీకు) వచనంలో షష్ఠితో, చతుర్థితో వచ్చే ‘పరా’ దాదాపు ఎప్పుడూ మనుషులకే వాడతారని చదివినప్పుడు, డాక్టరు దగ్గర, మేస్త్రి దగ్గర అనే మన వాడుకే గుర్తుకొచ్చింది.

చిక్కంతా ద్వితీయతో. 34వ పంక్తిలో పూజారి క్రైసేస్ హోరెత్తే సముద్రపు ఒడ్డు వెంబడి మౌనంగా నడిచిపోతాడు. ఇక్కడ ఒడ్డు గమ్యం కాదు, పక్కనే సాగే దారి. 347లో ఓడలు గమ్యం. ఇవి రెండు అర్థాలా, ఒకే అర్థమా? ప్రతి సందర్భానికీ ఒక కొత్త అర్థం తగిలించుకుంటూ పోతే నిఘంటువే మళ్లీ తయారవుతుంది, బాణాల గుర్తులు అదనం. ఈ రంగంలో చాలామంది గీసే అర్థాల పటాలు నాకు ఇలాగే కనిపిస్తాయి. భాషావేత్తలు టైలర్, ఎవాన్స్ ఇంగ్లీషు ప్రిపొజిషన్లకు పెట్టిన నియమాన్ని అరువు తెచ్చుకున్నాను: సందర్భం నుంచి తనంతట తాను రాని అర్థాన్నే వేరుగా లెక్కించాలి. నడక క్రియ, ఓడలు, కథ కలిసి గమ్యాన్ని చెప్పేస్తున్నాయి కాబట్టి ఆ రెండింటినీ ఒకే గూటిలో పెట్టాను.

‘విరుద్ధంగా’ మాత్రం అలా లొంగదు. ఇలియడ్ పదమూడో సర్గలో ట్రాయ్ రాకుమారుడు పారిస్ తన అన్న హెక్టర్‌తో, ఎంత ఉత్సాహమున్నా శక్తికి మించి పోరాడలేమంటాడు (787). అక్కడ ‘శక్తి’ ద్వితీయలో ఉంది. ఒకదాని వెంబడి సాగుతూ దాని చివర దాటిపోతే ‘మించి’ అవుతుంది. దాటకూడని హద్దయితే ‘విరుద్ధం’. చట్టానికి విరుద్ధమైన ప్రతిపాదన తెచ్చినవాడి మీద ఏథెన్స్‌లో వేసే అభియోగం ‘గ్రఫే పరానోమోన్’లో, మనకు తెలిసిన పారడాక్స్‌ (నలుగురి నమ్మకానికి విరుద్ధమైన మాట)లో ఉన్నది ఈ ‘పరా’యే.

మౌఖిక పరీక్షలో ఊహించిన ప్రశ్నే వచ్చింది. ఆ భాష మాట్లాడినవారు ఎవరూ లేరు, ‘పక్కన’ నుంచి ‘విరుద్ధం’ దాకా వచ్చే ఈ దారి వాళ్ల మనసులో ఉందని రుజువేమిటి? కాలక్రమం నాకు తోడు రాదు, హోమర్‌లోనే ‘వెంబడి’, ‘మించి’ రెండు వాడుకలూ ఉన్నాయి. మనసుల సంగతి వదిలి విభక్తుల పట్టిక ముందు పెట్టాను. ‘విరుద్ధంగా’ అనే అర్థం షష్ఠితోగాని చతుర్థితోగాని రాదు, దారిని చూపే ద్వితీయతోనే వస్తుంది. పరీక్షకుడు ఆ పట్టికను చాలాసేపు చూసి, తరవాతి అధ్యాయానికి పేజీ తిప్పారు.