లేని జబ్బును మూడు నెలలు మోశాను

నిన్న సాయంత్రం రెండో రిపోర్టు వచ్చింది. రక్తం అతిగా గడ్డకట్టకుండా అదుపు చేసే ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్ రెండూ నార్మల్. సంతోషించాలో, ఎవరి మీదైనా అరవాలో తెలియక కాసేపు అలాగే కూర్చున్నాను.

చీలమండ విరిగి ఆరు వారాలు ప్లాస్టర్‌లో ఉన్నాను. విప్పిన నాలుగో రోజు ఎడమ పిక్క బిగుసుకుపోయి వేడిగా ఉంది. టేపు పెట్టి కొలిస్తే కుడిదానికంటే మూడు సెంటీమీటర్లు లావు. వేలితో నొక్కితే పడిన గుంట పూడలేదు. డాప్లర్ స్కాన్‌లో లోపలి సిరలో రక్తపు గడ్డ కనబడింది. ఇంజెక్షన్లు, ఆపైన రక్తం గడ్డకట్టనివ్వని వార్ఫరిన్ మాత్రలు, రక్తం గడ్డకట్టే వేగం చెప్పే ఐఎన్ఆర్ అంకె 2 నుంచి 3 మధ్య. ఇంతవరకూ ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

మూడో వారంలో మొదలైంది గోల. "మీ నాన్నగారికి 54కే పక్షవాతం వచ్చిందన్నారుగా, గడ్డలు కట్టే గుణం వంశంలోనే ఉందేమో" అంటూ డ్యూటీ డాక్టరు బారెడు పరీక్షలు రాసిచ్చారు. రక్తం తీసే అబ్బాయితో వార్ఫరిన్ వేసుకుంటున్నానని చెప్పాను. "అది మాకెందుకు సార్" అన్నాడు. రిపోర్టులో ఆ రెండు ప్రొటీన్ల అంకెలూ నల్లగా, లావుగా, పక్కన 'తక్కువ' అని. ఫైలు మీద 'వంశపారంపర్య లోపం' అని రాసేసి, ఇంట్లో వాళ్ళకీ చేయించమన్నారు.

మా చెల్లికి అప్పుడు ఐదో నెల. తనకీ ప్రొటీన్ ఎస్ తక్కువే వచ్చింది. ఇంకేం సాక్ష్యం కావాలి? "అన్నయ్యా, బిడ్డకీ వస్తుందా?" అని ఆ రాత్రి ఫోన్లో అడిగితే నోట మాట రాలేదు. వాళ్ళాయన రెండు వారాలు నాతో మాట్లాడలేదు. అమ్మేమో "మా వైపు ఎవరికీ లేదు" అని నాన్న ఫొటోకేసి చూసింది.

మందు కోర్సు పూర్తి కావస్తుండగా హెమటాలజిస్ట్ (రక్త సంబంధ జబ్బుల డాక్టరు) దగ్గరికి వెళ్ళాను. ఆవిడ వార్ఫరిన్ మొదలుపెట్టిన తేదీ, రక్తం తీసిన తేదీ పెన్నుతో చుట్టి, "మందు మీద ఉండగా ఈ టెస్టు ఎవరు చేయించుకోమన్నారు మిమ్మల్ని?" అన్నారు. గదిలో ఇద్దరు పీజీ విద్యార్థులు నవ్వు ఆపుకున్నారు. నేరం నాదైనట్టు తలొంచుకున్నాను. రాసిందేమో డాక్టరు, తీసిందేమో ల్యాబు!

ఈ ప్రొటీన్లు కాలేయంలో విటమిన్ కె సాయంతో తయారవుతాయి. వార్ఫరిన్ అడ్డుకునేది ఆ పనినే. కాబట్టి మందు వేసుకునే ఎవరికైనా అంకెలు పడిపోతాయి. గర్భిణులకు ప్రొటీన్ ఎస్ మామూలుగానే తగ్గుతుంది. అసలు ప్లాస్టర్ లాంటి కారణం కళ్ళెదుట ఉంటే ఈ పరీక్షలు సాధారణంగా అక్కర్లేదట.

"వంశంలోంచి వచ్చింది కావాలంటే మీ బ్లడ్ గ్రూపుంది" అని నవ్వారావిడ. నాది ఏ. ఈ గ్రూపుల జన్యువు 9వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. 'ఓ' గ్రూపు రకంలో సాధారణంగా ఆ జన్యువులో ఒక్క డీఎన్ఏ అక్షరం ఎగిరిపోయి, అది తయారుచేసే ఎంజైము పనికిరాకుండా పోతుంది. ఆ ఎంజైము చక్కెరలు అతికించేది ఎర్రకణాలకే కాదు, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్‌కి కూడా. ఆ చక్కెరలు లేని 'ఓ' గ్రూపు వాళ్ళలో ఆ ఫ్యాక్టర్ త్వరగా కరిగిపోయి, దాదాపు 25 శాతం తక్కువగా ఉంటుంది. మిగతా గ్రూపులవాళ్ళకి సిరల్లో గడ్డల ముప్పు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. పక్షవాతం సంగతీ అడిగాను. 2022లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో, 60 ఏళ్ళలోపు వచ్చే పక్షవాతం ముప్పు 'ఏ' గ్రూపు వాళ్ళకి 16 శాతం ఎక్కువ, 'ఓ' గ్రూపు వాళ్ళకి 12 శాతం తక్కువ అని తేలిందట. "బీపీ, సిగరెట్ల ముందు ఇదెంత, దీనికోసం నిద్ర మానుకోకండి" అన్నారు.

అమ్మ ఓ, చెల్లి ఓ, నాన్న ఏ. చెల్లి ఓ అయిందంటే నాన్నలో ఒక ఓ దాక్కుని ఉండాలి. అమ్మ ఇచ్చేది ఎలాగూ ఓనే కనుక నేను ఏఓ. ఆవిడ చెప్పకముందే కాగితం మీద గీసి చూపించాను. ఈసారి పీజీలు నవ్వలేదు.

ఎవరైనా పరీక్షకి రక్తం ఇచ్చేముందు వేసుకుంటున్న మందుల పేర్లు ఫారం మీద మీ చేత్తో మీరే రాయండి, నోటిమాట ల్యాబు వాళ్ళ చెవికెక్కదు. పరీక్ష కోసం మాత్రలు సొంతంగా మాత్రం ఆపకండి. నాకు డాక్టరే ఆపించి, రెండు వారాలు దాటాక మళ్ళీ తీయించారు. చెల్లికి కాన్పయ్యాక చూద్దామన్నారు.

పొద్దున పాత ఆసుపత్రికి వెళ్ళి ఫైలు దిద్దమంటే, "సిస్టంలో ఎక్కేసింది సార్, మారదు" అన్నారు. రెండు రిపోర్టులూ పిన్ను కొట్టి ఉంచాను. సోమవారం మళ్ళీ వెళ్తున్నాను.